కార్ఖానా కింది నేల: కౌన్సిళ్ళ అనుమతులు, మన బాధ్యత

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు లోపల ఉన్న పారిశ్రామిక భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకొనేందుకు అవకాశమిచ్చే విధానాన్ని ప్రకటించింది. బాలానగర్, సనత్‌నగర్, నాచారం, ఉప్పల్, కాటేదాన్ వంటి పారిశ్రామికవాడలు, మొత్తం తొమ్మిది వేల ఎకరాలకు పైబడిన భూమి, దీని పరిధిలోకి వచ్చింది. కాలుష్యం వెదజల్లే పరిశ్రమలను నగరం వెలుపలికి పంపడమే తమ ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. ప్రజల ఆస్తిని కారుచౌకగా ధారాదత్తం చేయడమే జరుగుతున్నదని ప్రతిపక్షాలు అన్నాయి. ఎకరం ధర ఎంత, చెల్లించే రుసుము ఎంత, లాభం ఎవరికి అని పత్రికలు రోజుల తరబడి లెక్కలు కట్టాయి. ఆ షెడ్లలో లేతు మెషీన్ల ముందు, అచ్చుల ముందు, బట్టీల ముందు ఈనాడు నిలబడి పనిచేస్తున్నవారు ఎందరో, వారు ఎక్కడికి పోవాలో ఆ లెక్కలలో మాకు ఎంత వెదికినా దొరకలేదు.

ఈ విషయమై మన వైఖరి ఏమిటని అనుబంధ సంఘాల నుండి మాకు ప్రశ్నలు వస్తున్నాయి. భూమి వినియోగ మార్పు, భవన నిర్మాణ అనుమతి అనేవి ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు, కార్పొరేటర్లకు సంబంధించిన వ్యవహారాలనీ, కార్మికసంఘానికి వీటితో పని లేదనీ భావించే సోదరులు మనలో తక్కువమంది లేరు. వేతనాలు, బోనసు, గ్రాట్యుటీ, చట్టబద్ధ సౌకర్యాలు మన రంగం. ప్లాన్లు, సర్వేనంబర్లు మరొకరి రంగం అన్న ఈ విభజనకు మనం చెల్లించిన మూల్యం ఎంతో తెలుసుకోవాలంటే బొంబాయి మిల్లు భూముల చరిత్రను ఒకసారి తిరగవేయక తప్పదు.

ఆ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గం గుంతలు విడిచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు రెండు మూడు తరాలపాటు బొంబాయి, భివండీ, షోలాపూర్ మిల్లులలో పనిచేశాయి. వర్లీలోని బి.డి.డి. చాళ్ళలో తెలుగు మాట వినబడేది. 1854లో తొలి నూలు మిల్లు కంపెనీ ఏర్పడింది. అది మొదలు శతాబ్దం పాటు లాల్‌బాగ్, పరేల్, వర్లీ, బైకుల్లా ప్రాంతాలు కలిసి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అనే పేరు తెచ్చుకున్నాయి. సుమారు 600 ఎకరాలలో 58 మిల్లులు ఉండేవి. చుట్టూ చాళ్ళు, ఖానావళులు, వ్యాయామశాలలు, గణేశ మండపాలు, సంఘ కార్యాలయాలు. భోంగా కూత వినబడితే నగరంలో సగం గడియారాలు సరిచేసుకునేవారట.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెను ఏనాడూ లాంఛనంగా విరమించలేదు. విరమించేందుకు మిల్లులే మిగలలేదు. లక్షమందికి పైగా పని కోల్పోయారు. ఆ సమ్మె గుణదోషాలను గురించి మన పుటలలో ఇదివరకే ఎంతో చర్చ జరిగింది కనుక ఇక్కడ ఆ జోలికి పోము. సమ్మె తరువాత జరిగినది మాత్రం అంతగా చర్చకు రాలేదు. యంత్రాలు ఆగిపోయిన మిల్లుకు ఆస్తి ఏమిటి? దాని కింది నేల. వస్త్రోత్పత్తి కొరకు సంపాదించిన నేల. కొన్నిచోట్ల ప్రభుత్వమో పురపాలక సంస్థో కౌలుకు ఇచ్చిన నేల. ఆ నేల మీద వస్త్రం నేస్తే వచ్చే లాభం కంటె నేలను అమ్మితే వచ్చే లాభం ఎన్నో రెట్లు అధికమైన రోజున మిల్లు మూత ఖాయమైపోయింది. అడ్డంగా ఉన్నది ఒక్కటే. ఆ భూమి అభివృద్ధి ప్రణాళికలో పారిశ్రామిక భూమిగా నమోదై ఉన్నది.

1991లో బొంబాయికి కొత్త అభివృద్ధి నియంత్రణ నిబంధనలు వచ్చాయి. వాటిలో 58వ నిబంధన మిల్లు భూములకు సంబంధించినది. మిల్లుల పునరుద్ధరణ కొరకు, ఆధునికీకరణ కొరకు భూమిలో కొంత అమ్ముకోవచ్చునని అది అనుమతించింది. అందుకు ప్రతిగా భూమిని మూడు వాటాలు వేసింది. సుమారు ఒక వంతు ఉద్యానాలకు, ఆటస్థలాలకు నగరపాలక సంస్థకు ఇవ్వాలి. ఒక వంతు గృహనిర్మాణానికి మహారాష్ట్ర హౌసింగ్ సంస్థకు ఇవ్వాలి. మిగిలిన వంతు యజమానిది. భూమి విస్తీర్ణాన్ని బట్టి ఈ వాటాలు కొద్దిగా అటూయిటూ అయ్యేవి. స్థూలంగా చూస్తే 600 ఎకరాలలో 400 ఎకరాలు ప్రజలకు దక్కవలసిన ఏర్పాటు అది. కార్మికుల బకాయిలు చెల్లించకుండా అమ్మకం సాగరాదన్న షరతు కూడా ఉన్నది. పెట్టుబడిదారీ వ్యవస్థలో ఇంతకంటె మెరుగైన నిబంధన తరచుగా దొరకదని ఒప్పుకోవాలి.

అందువల్లనే మిల్లు యజమానులు దానిని వినియోగించుకోలేదు. రెండు వంతులు వదులుకొనే బదులు గేటుకు తాళం వేసి కూర్చున్నారు. కొందరు పక్కదారులు వెదికారు. మరమ్మతుల పేరిట కొంత, గోదాము పేరిట కొంత, కార్యాలయం పేరిట కొంత, ఒక్కొక్క దరఖాస్తు పెట్టి ముక్కముక్కగా మిల్లును మార్చివేశారు. కార్మికులకు వినోద సౌకర్యమంటూ అనుమతి పొందిన భవనం చివరికి సంపన్నులు బంతులు దొర్లించుకొనే క్రీడామందిరంగా తెరుచుకున్న ఉదంతం లోయర్ పరేల్‌లో ఈనాటికీ చెప్పుకుంటారు. ఒక్కొక్క దరఖాస్తు చూస్తే చిన్నది. ఆమోదించిన అధికారిని అడిగితే నిబంధన ప్రకారమే ఇచ్చానంటాడు. పదేళ్ళ దరఖాస్తులను ఒకచోట పేర్చి చూసే పని ఎవరూ పెట్టుకోలేదు. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొర్రియా అధ్యక్షతన నియమించిన బృందం నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ వారి 25 మిల్లుల భూములను కలిపి ఒక సమగ్ర ప్రణాళిక సూచించింది. అది అటకెక్కింది.

ఆ తరువాత 2001 మార్చిలో 58వ నిబంధనను సవరించారు. సవరణ ఎంత చిన్నదో, దాని దెబ్బ ఎంత పెద్దదో గ్రహించేందుకు పాఠకులు ఒక ఉదాహరణను మనసులో ఉంచుకోవాలి. ఒక మిల్లుకు పది ఎకరాలున్నవి అనుకుందాం. ఎనిమిది ఎకరాలలో షెడ్లు, నేత ఖాతాలు, పొగగొట్టం, రెండెకరాలు ఖాళీస్థలం. పాత నిబంధన ప్రకారం వాటాలు పదెకరాల మీద వేయాలి. సవరణ తరువాత, ఖాళీగా ఉన్న రెండెకరాల మీదనే వేస్తే చాలు. షెడ్లను కూలగొట్టగా వెలువడే ఎనిమిది ఎకరాలు ఖాళీస్థలం లెక్కలోకి రావు. అవి పూర్తిగా యజమానివే. మిల్లు అంటేనే షెడ్లతో కిక్కిరిసిన స్థలం కాబట్టి మూడింట రెండు వంతుల ప్రజల వాటా చూస్తుండగానే కరిగిపోయింది. రద్దు అన్న మాట ఎక్కడా లేదు. ఏ భూమిని లెక్కించాలన్న వివరణ ఒక్కటే మారింది. అంత పనీ ఆ వివరణతోనే అయింది.

1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం 37వ సెక్షను ప్రకారం ప్రణాళికలో మార్పు చేయదలచినపుడు రాజపత్రంలో ప్రకటించి, అభ్యంతరాలకు, సూచనలకు నెలరోజులు గడువివ్వాలి. అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు. స్థలం యజమానే కానక్కరలేదు, పొరుగింటివాడే కానక్కరలేదు. ఉద్యోగం పోగొట్టుకొని చాల్లో కూర్చున్న నేతకార్మికుడు కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. ఇంత విశాలమైన తలుపు తెరచి ఉన్నదని మిల్లు కార్మికులలో ఎందరికి తెలుసు? తెలియజేయవలసిన బాధ్యత మనది కాదా? ఆ సవరణను సవాలు చేసిన వ్యాజ్యం హైకోర్టుకు చేరినది 2005లో, అంటే నాలుగేళ్ళ తరువాత. వేసినది ఒక పర్యావరణ సంస్థ. వారికి మనం కృతజ్ఞులం, అయితే సిగ్గుపడవలసినది కూడా మనమే.

2005లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ అయిదు మిల్లుల భూములను వేలం వేయగా రెండు వేల కోట్ల రూపాయలకు పైగా పలికాయి. ముంబయి టెక్స్‌టైల్ మిల్లు ఒక్కటే 702 కోట్లకు పోయింది. అదే సంవత్సరం అక్టోబరు 17న బొంబాయి హైకోర్టు ప్రజల వాటా పక్షాన తీర్పు చెప్పింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చి 2001 సవరణను నిలబెట్టింది. నాలుగేళ్ళలో ఒప్పందాలు కుదిరాయి, డబ్బు చేతులు మారింది, పునాదులు లేచాయి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్లు అయింది. న్యాయస్థానాలను నిందించి ఊరుకుంటే ప్రయోజనం లేదు. గెజిట్ ప్రకటనకు నెలరోజులలో ఇవ్వవలసిన జవాబును నాలుగేళ్ళ తరువాత న్యాయస్థానంలో ఇవ్వజూడడం ఎంత కష్టమో ఈ కేసు చెప్పింది.

ఫలితం 2017లో రెండుసార్లు నెత్తురుతో కనబడింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 29 ఉదయం ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు, పరేల్ స్టేషన్లను కలిపే ఇరుకు పాదచారుల వంతెన మీద వాన కారణంగా జనం నిలిచిపోయారు. రైళ్ళు వచ్చినకొద్దీ వెనుకనుండి మరింత జనం ఎక్కారు. తొక్కిసలాటలో 23 మంది మరణించారు. ఆ స్టేషన్లు మిల్లుల కాలం నాటివి. షిఫ్టు మనిషి ఎక్కువగా నడచి వచ్చేవాడు. చాలు దగ్గర, మిల్లు దగ్గర. ఆ మిల్లుల స్థానంలో కార్యాలయాలు, మాల్సు, ఆకాశహర్మ్యాలు వచ్చాక పనివారు విరార్ నుండి, కల్యాణ్ నుండి, పన్వేల్ నుండి రోజూ రైలెక్కి అక్కడికి చేరవలసి వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చునేవారు, కాపలావారు, ఊడ్చేవారు, వంటవారు, సరుకు చేరవేసేవారు, అందరూ ఆ వంతెన మీదుగానే. లక్షలాది చదరపు అడుగుల కార్యాలయాలకు అనుమతులిచ్చినపుడు, ఇందులో పనిచేసేవారు ఏ దారిన వస్తారని అడిగినవారు లేకపోయారు. నగరపాలక సంస్థ భవనానికి అనుమతిస్తుంది, వంతెన రైల్వేవారిది, రెంటికీ నడుమ మనిషి. ప్రమాదం తరువాత సైన్యాన్ని పిలిపించి కొన్ని నెలలలోనే కొత్త వంతెన కట్టారు. అంటే కట్టడం సాధ్యమే అన్నమాట.

అదే సంవత్సరం డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటాక, కమలా మిల్స్ ఆవరణలో మిద్దె మీది భోజనశాలలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. మిద్దె మీద అక్రమ కట్టడాలున్నట్లు బయటపడింది. కొందరు పురపాలక అధికారులను సస్పెండు చేశారు. మరునాటి నుండి నగరమంతా కూల్చివేతల హడావుడి. మిల్లు నడిచిన రోజులలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చి అగ్నిమాపక ద్వారం ఎక్కడని అడిగేవాడు; మన ప్రతినిధి వెంట నడిచేవాడు. కార్ఖానా పోయి భోజనశాల వచ్చినచోట సంఘమూ లేదు, అడిగే ప్రతినిధీ లేడు. వినియోగం మారితే భద్రతను కనిపెట్టే కళ్ళు కూడా మారిపోతాయన్న సంగతి భూమి మార్పిడి దరఖాస్తులో ఏ గడిలోనూ రాయరు.

ఇక కార్మికుల ఇళ్ళ సంగతి. దీర్ఘపోరాటం తరువాత మిల్లు కార్మికులకు, వారి వారసులకు ఇళ్ళు కేటాయించేందుకు 2012 జూన్‌లో మొదటి లాటరీ తీశారు. ఇళ్ళు 6,925. దరఖాస్తులు లక్షా నలభై వేలకు పైగా. ఆ తరువాత కూడా లాటరీలు జరిగాయి. కొన్ని ఇళ్ళు నగరానికి ఎంతో దూరాన పన్వేల్ వైపు చూపించారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ముప్పయి ఏళ్ళ క్రితం తన మిల్లు ఉండిన స్థలంలో లేచిన భవనం కింద నిలబడి, లాటరీలో తన నంబరు వచ్చిందా అని అడుగుతున్నాడు. 1991 నాటి వాటా నిలిచి ఉంటే ఈ లాటరీ అవసరం ఎంత తగ్గేదో లెక్కకట్టేందుకు పెద్ద చదువు అక్కరలేదు.

ఆత్మవిమర్శ లేకుండా ఈ కథను ముగిస్తే అది మనకు మనమే చేసుకొనే మోసం. భూమి అమ్మితే గాని కార్మికుల బకాయిలు రావన్న వాదం మన శ్రేణులను చీల్చింది. అది తేలికగా కొట్టివేయదగిన వాదం కాదు. పదేళ్ళుగా గ్రాట్యుటీ అందక, పిల్లల పెళ్ళిళ్ళు ఆగి, మందులకు డబ్బు లేక ఉన్న కార్మికునికి ఉద్యానవనం వాటా గురించి ఉపన్యసించే నైతిక హక్కు ఎవరికున్నది? యాజమాన్యాలు ఆ ఆకలినే ఆయుధంగా వాడుకున్నాయి. ముందు బకాయిలు ఎగవేసి, తరువాత బకాయిల కొరకే అమ్మనివ్వండని అడిగాయి. ఆ ఉచ్చులో సంఘం పడకుండా ఉండవలసిన సమయం బకాయిలు పేరుకొనకముందే, అంటే మిల్లు నడుస్తున్నప్పుడే.

బొంబాయి దాకా ఎందుకు? మన తెలుగునాట ఒక జిల్లా కేంద్రంలో మూతబడిన నూలు మిల్లు స్థలాన్ని నివాస స్థలంగా మార్చే తీర్మానం పురపాలక సంఘం ముందుకు వచ్చిన రోజు మాకు బాగా గుర్తున్నది. అజెండాలో అరవైకి పైగా అంశాలు. వీధిదీపాలు, మురుగుకాలువల పూడిక, జాతర ఏర్పాట్లు. మిల్లు స్థలం ఆ ముద్రిత అజెండాలో లేదు. సభ చివర టేబుల్ అజెండాగా వచ్చింది. చదివినవారు లేరు. చేతులెత్తారు, ఆమోదించారు, టీ వచ్చింది. చేతులెత్తినవారిలో మన సంఘం బలపరచి గెలిపించిన కౌన్సిలరు ఒకరున్నారు. ఆయన అవినీతిపరుడు కాడు, ఈనాటికీ మేము ఆ మాట చెప్పగలం. అది తమ పాత మిల్లు సర్వేనంబరని ఆయనకు తెలియదు. మేము చెప్పలేదు. మాకూ తెలియదు. మిల్లు గేటు ముందు నిరాహారదీక్షా శిబిరం నడుపుతున్న మేము, గేటు కింది నేల అదే మధ్యాహ్నం మరొకచోట చేయి మారుతున్నదని ఎరుగము. ఆ రోజు తరువాతనే మా కార్యాలయంలో సర్వేనంబర్ల పుస్తకం ఒకటి తెరిచాము.

అనుమతులన్నింటినీ వ్యతిరేకించడమే కార్మికసంఘం పని అని మేము చెప్పడం లేదు. నిర్మాణరంగం లక్షలమందికి కూడు పెడుతున్నది. పాలమూరు నుండి వలసపోయి దేశమంతటా ఆనకట్టలు, భవనాలు కట్టిన కూలీల బిడ్డలు ఆ రంగంలోనే ఉన్నారు. 1996 నాటి చట్టంతో వచ్చిన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు, నిర్మాణవ్యయంలో నూటికి ఒక రూపాయి, సాధారణంగా ప్లాను మంజూరు చేసే సంస్థ దగ్గరనే వసూలవుతుంది. ప్లాను మంజూరైన ప్రతిచోటా ఆ రూపాయి సరిగా లెక్కించారా అని అడగగలిగినది కూడా కౌన్సిల్ కార్యాలయంలోనే. కౌన్సిలు తలుపు తట్టే అలవాటు లేనందువల్ల ఈ రూపాయి విషయంలోనూ మనం నష్టపోతున్నాము.

మరింత చిక్కైన సందర్భాలూ ఉన్నాయి. కేరళ పాలక్కాడు జిల్లాలోని పెరుమాట్టి గ్రామపంచాయతీ కోకా-కోలా కర్మాగారానికి 2000లో అనుమతి ఇచ్చింది. ప్లాచిమడ బావులలో నీరు అడుగంటి, ఉన్న నీరు తాగరానిదైపోగా 2002 ఏప్రిల్ నుండి ఆదివాసీ స్త్రీలు గేటు ముందు ధర్నాకు కూర్చున్నారు. 2003 ఏప్రిల్‌లో పంచాయతీ లైసెన్సును పునరుద్ధరించ నిరాకరించింది. అనుమతి ఇచ్చిన పంచాయతీయే తన తప్పును దిద్దుకొన్నది. ఒక గ్రామపంచాయతీ ప్రపంచ కంపెనీని ఎదిరించి నిలిచింది. 2004 మార్చిలో ఉత్పత్తి ఆగింది. న్యాయస్థానాలలో గెలుపోటములు మారినా ఆ కర్మాగారం మళ్ళీ తెరుచుకోలేదు. మేము ఆ పంచాయతీని అభినందిస్తాము. అదే ఊపిరితో చెప్పవలసినది మరొకటి ఉన్నది. లోపల పనిచేసే కార్మికుల పనీ పోయింది. గేటుకు బయట నీటి కొరకు కూర్చున్న స్త్రీ, గేటు లోపల కూలి కొరకు నిలుచున్న మనిషి, ఇద్దరూ మనవారే. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి కంపెనీ పక్కకు తప్పుకొనే పరిస్థితి అనుమతి ఇచ్చిన రోజునే తయారయింది. ఎంత నీరు తోడుతారు, వ్యర్థం ఎక్కడ పోస్తారు, మూతబడితే పనివారికి ఎవరు జవాబుదారీ అని 2000లో షరతులు రాయించి ఉంటే ఈ చిక్కు ఇంతదాకా వచ్చేది కాదని మా అభిప్రాయం.

ఇదంతా విన్న తరువాత కొందరు, కౌన్సిళ్ళకు అధికారం ఎక్కడున్నదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండవ షెడ్యూలులో మొదటి అంశం నగర ప్రణాళిక, రెండవది భూవినియోగ, భవననిర్మాణ నియంత్రణ. రాజ్యాంగంలో అలా రాసి, ఆచరణలో ఆ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు, అవి నియమించిన అభివృద్ధి సంస్థలు తమ చేతిలోనే ఉంచుకున్నాయి. ముంబయి నగరపాలక సంస్థ పాలకమండలి గడువు 2022 మార్చిలో ముగిశాక మూడేళ్ళకు పైగా ఎన్నికలే జరగలేదు. దేశంలోకెల్లా సంపన్నమైన నగరపాలక సంస్థను అధికారి ఒక్కరే నడిపారు. తెలంగాణలో 2020 చట్టం భవన అనుమతులను ఇరవైయొక్క రోజుల గడువులో ముగించాలన్నది. గడువులో జవాబు రాకుంటే అనుమతి లభించినట్లే. ఇల్లు కట్టుకొనే సామాన్యుడు లంచం లేకుండా అనుమతి పొందడం మంచిదే, దానిని మేము కాదనము. ఒక కార్ఖానా స్థలంలో నలభై అంతస్తులు లేపేవాడికీ అదే తొందర ఎందుకన్నదే మా ప్రశ్న.

అధికారం తక్కువైనా కౌన్సిలు ఇష్టారాజ్యం కాదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. ఉడిపి పట్టణంలో నివాస ప్రాంతంలో సినిమాహాలుకు పురపాలక సంఘం ఇచ్చిన అనుమతి, ప్రణాళికకు విరుద్ధమైనది కాబట్టి, చెల్లదని 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పొరుగున ఉండే ఒక సాధారణ నివాసి వేసిన వ్యాజ్యం అది. బెంగుళూరులో ఉద్యానవనానికి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు వైద్యశాలకు ఇచ్చిన నిర్ణయాన్ని 1991లో అదే న్యాయస్థానం కొట్టివేసింది. ఈ రెంటిలోనూ గెలిచినవారు ప్రణాళికా పత్రాలు చదివినవారు, సకాలంలో లేచినవారు.

కాబట్టి హైదరాబాదు విషయంలో మన సమాఖ్య కోరుతున్నది ఇది. ఏ పారిశ్రామిక స్థలాన్నయినా వేరొక వినియోగానికి మార్చమని దరఖాస్తు వచ్చినపుడు, అందులో పనిచేస్తున్న కార్మికుల జాబితా, పర్మనెంటువారు, కాంట్రాక్టువారు, బీహారు, ఒడిశాల నుండి వచ్చినవారు సహా, దరఖాస్తుతోబాటు దాఖలు కావాలి. ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ., గ్రాట్యుటీ బకాయిలు పూర్తిగా చెల్లించినట్లు ధ్రువపత్రం లేనిదే ఫైలు కదలరాదు. యూనిట్ నగరం వెలుపలికి తరలేటట్లయితే కొత్తచోట అదే సర్వీసుతో పని, రవాణా, ఇల్లు అన్నవి యజమాని ఇష్టానికి వదలక అనుమతి షరతులలోనే రాయాలి. భూమిలో ఒక వాటా కార్మికుల గృహనిర్మాణానికి పోవాలి. ఆ వాటాను మొత్తం స్థలం మీద లెక్కించాలి, ఖాళీస్థలం మీద కాదు. 2001 నాటి మాట మళ్ళీ ఎవరూ చొప్పించకుండా చూడాలి. ప్రతి దరఖాస్తును తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఆ కార్ఖానా గేటు మీద అంటించాలి. ఆ గేటు నుండి రోజూ లోపలికి పోయేవారు పత్రిక మూలన చిన్న అక్షరాలలో వెలువడే ప్రకటన చదవరు. చాలామందికి ఆ నగరంలో ఓటు కూడా లేదు.

ఓటు లేని మనిషి తరఫున కార్పొరేటరు మాట్లాడడు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. వరంగల్‌లో 1934లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన ఆజంజాహీ మిల్లు పోయినపుడు కార్మికుడు అదే ఊరివాడు, ఓటున్నవాడు. అయినా మిల్లు నిలవలేదు. బాలానగర్ చిన్న షెడ్లలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడికి ఆ పాటి అండ కూడా లేదు. సంఘం తప్ప అతని పేరు పలికేవారు లేరు. మరి మన సంఘాలలో ఎన్నింటిలో అతను సభ్యుడు? ఈ ప్రశ్నకు జవాబు మేము ఇక్కడ రాయబోము; జిల్లా కమిటీలు తమ సభ్యత్వ పుస్తకాలు తెరచి చూచుకొనగలవు.

జిల్లా, నగర కమిటీలకు మా సూచన. కమిటీ సభ్యులలో ఇద్దరికి ఈ పని అప్పగించండి. ఒకరు రాజపత్రమూ, పత్రికలలో పురపాలక ప్రకటనలూ చదవాలి. మరొకరు నెలకొకసారి కౌన్సిలు సమావేశానికి పోయి సందర్శకుల స్థానంలో కూర్చొని ముద్రిత అజెండాతోబాటు టేబుల్ అజెండాను కూడా రాసుకొని రావాలి. మన పరిధిలోని ప్రతి కార్ఖానాకు సర్వేనంబరు, విస్తీర్ణం, భూమి ఎవరు ఎప్పుడు ఏ పని కొరకు ఇచ్చారు, కౌలు గడువు ఎంత అన్న వివరాలు ఒక పుస్తకంలో ఎక్కించాలి. సమాచార హక్కు చట్టం క్రింద ఒక దరఖాస్తుతో ఇవి దొరుకుతాయి. ఆ పుస్తకాల నకళ్ళు కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. హైదరాబాదు, రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి కమిటీలు ముందుగా పంపాలి.